ముత్యాలయ్య పిండికట్టు

పాలెంలో ముత్యాలయ్య మాట నమ్మేవాడు లేడు. ఒకప్పుడు ఉండేవాళ్లు, ఒక్కొక్కరుగా బుద్ధి తెచ్చుకున్నారు. విడవలూరుకు తూర్పున, సముద్రానికీ ఉప్పుటేరుకూ నడుమ ఇసుక మీద కూర్చున్న ఆ పాలెంలో ఆయన చేతిలో మోసపోని గడప లేదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ఒకసారి ఆడపిల్లే లేని ఇంటికి దారి చూపించాడు. వాళ్లు కాఫీలు తాగి, "ఇంక పిల్లను పిలవండమ్మా" అనేదాకా సంగతి బయటపడలేదు. ఇంకోసారి వేటకు పోవడానికి ఒళ్లు వంగక, నేరేడుపండ్ల రసం మోకాలికి పూసుకొని, కమిలిపోయిందని మంచమెక్కి కూర్చుని వేడివేడి చేపల పులుసు తిన్నాడు. మోసపోయినవాడు నోరు తెరుచుకొని చూస్తుంటే, కళ్లు చిన్నవి చేసి "ఎట్టుంది?" అనేవాడు. ఆ ఒక్క మాటతో అంతవరకూ జరిగిందంతా ఉత్తదేనని తేలిపోయేది.

ఇప్పుడాయనకు డెబ్బై దగ్గర పడింది. సముద్రం మీదికి పోవడం మానేశాడు, పడవ కొడుకు సుధాకర్ చూసుకుంటున్నాడు. కానీ విసురు వల మాత్రం వదల్లేదు. ఏటి గట్టున నిలబడి, వల అంచు పళ్ల మధ్య కరిచిపట్టి, సగం ఎడమ మోచేతి మీద వేసుకొని, నడుం తిప్పి కుడిచెయ్యి పైకెత్తి వదిలాడంటే వల గాలిలో విచ్చుకొని నీళ్ల మీద అప్పడంలాగా పడేది. ఆ విసురు చూడటానికి కుర్రాళ్లు సైకిళ్లు ఆపేవాళ్లు. పొద్దున్నే పిడికెడు రొయ్యలు తెచ్చి భార్య కామమ్మ ముందు పోస్తే తప్ప తానూ ఒక మనిషేనన్న లెక్క ఆయనకు కుదిరేది కాదు.

అట్లాంటి ముత్యాలయ్య ఒకరోజు చేపల వేలం వేసే షెడ్డులో జారిపడ్డాడు. నున్నటి గచ్చు, దాని మీద ఐసు కరిగిన నీళ్లు, నీళ్లలో చేప పొలుసులు. కుడి భుజం మీద పడ్డాడు. పడ్డవాడు గట్టిగానే అరిచాడు గానీ ఒక్కరూ తల తిప్పలేదు.

పక్కనే కామమ్మ చెల్లెలు ఆదిశేషమ్మ చేపలు ఏరుతోంది.

"లెయ్యి బావా, గచ్చు మురికిగా ఉండాది," అంది.

"చెయ్యి పోయింది మే."

"యాడికి పోయింది? నీ పక్కనే ఉండాది గదా."

అందరూ నవ్వారు. ఆయనకు కూడా ఆ జవాబు బాగుందనే అనిపించింది, నవ్వబోతే నొప్పి చెవిదాకా పాకింది. కామమ్మ వచ్చేసరికి ఆయన కూర్చుని, కుడి మోచేతిని ఎడమచేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని ఉన్నాడు. మొహం బూడిద రంగుకు తిరిగింది. ఆమె ఒక్క క్షణం చూసి, సుధాకర్‌ను ఆటో తెమ్మంది.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ భానుప్రియ చిన్నపిల్లలాగే ఉంది గానీ ఎక్స్‌రే ఫోటోను వెలుతురులో పెట్టి చూసిన తీరు మాత్రం పెద్దమనిషి తీరు.

"భుజం గుండుకు సరిగ్గా కింద ఎముక విరిగింది పెద్దాయనా. వయసైనవాళ్లు పడితే ఈ చోట విరగడం మామూలే. ముక్క పెద్దగా పక్కకు జరగలేదు. ఆపరేషన్ అవసరం లేదు."

"పిండికట్టు ఎప్పుడు వేస్తారమ్మా?"

"వెయ్యం. ఈ చోటికి జోలె చాలు. చెయ్యి కిందికి వేలాడుతుంటే దాని బరువే ఎముకను సరైన చోట నిలబెడుతుంది."

ముత్యాలయ్యకు ఇది అవమానంగా తోచింది. "మా కోడికి కాలిరిగితే గూడా పుల్ల పెట్టి కట్టు కడతానమ్మా నేను."

"మీ కోడి వల విసురుతుందా?"

దారిపొడుగునా ఆయన విసురు గురించే మాట్లాడుతూ వచ్చాడని సుధాకర్ ఆమెకు చెప్పేసినట్టున్నాడు.

"వినండి. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి ఈ రోజు నుంచే ఆడించండి. రెండు వారాలు కాగానే రండి, భుజం మెల్లగా ఆడించడం నేర్పిస్తాను. దాన్ని కదలనివ్వకుండా పెట్టుకుంటే పట్టేస్తుంది. అప్పుడు ఎముక బాగున్నా చెయ్యి లేవదు."

మెడకు నీలం గుడ్డ జోలె తగిలించి పంపించారు. పడుకుంటే నొప్పి కాబట్టి వీపుకు దిండ్లు ఎత్తుగా పెట్టుకొని కూర్చున్నట్టే నిద్రపోవాలన్నారు. నొప్పి మాత్రలు రాసిచ్చారు. అంతే.

పాలెంలో చెయ్యి విరిగినవాణ్ని చూసిపోవడానికి ఒక పద్ధతుంది. బ్రెడ్డో, అరటిపళ్లో తెస్తారు. కట్టును వేలితో టకటకా తట్టి చూస్తారు. బరువుగా ఉందా, లోపల దురద పెడుతోందా అని అడుగుతారు. ఆ తర్వాత తమ చుట్టాల్లో ఎవరికి ఏ ఎముక ఎట్లా విరిగిందో చెప్పి, టీ తాగి లేస్తారు. తట్టడానికి కట్టే లేకపోతే మాట ఎక్కడ మొదలవుతుంది?

మొదట వచ్చింది ఆదిశేషమ్మే. డజను అరటిపళ్లు తెచ్చింది. వాటిని చేతిలోనే పెట్టుకొని బావను కిందినుంచి పైదాకా చూసింది.

"కట్టేది బావా?"

"కట్టు లేదంట. ఊరికే ఉంటే అతుక్కుంటదంట."

"ఊరికే ఉంటే అతుక్కొనేదానికి నెల్లూరు దాకా ఎందుకు పోయినావు? ఈడే ఊరికే ఉండొచ్చు గదా. ముప్పై ఏండ్లుగా నువ్వు చేసే పనే గదా అది."

ముత్యాలయ్యకు రోషం వచ్చింది. చొక్కా గుండీలు తీసి చూపించాడు. లోపల కారిన నెత్తురు భుజం నుంచి మోచేతిదాకా, పక్కటెముకల మీదికి కూడా దిగి నల్లగా, ఊదాగా కమిలిపోయి ఉంది. ఆదిశేషమ్మ వంగి పరీక్షగా చూసింది.

"నేరేడుపండ్ల కాలం గూడా కాదే. యాడ దొరికినాయి బావా?"

పోతూ పోతూ అరటిపళ్లు కూడా పట్టుకుపోయింది, ఇంట్లో బిడ్డలు తింటారని చెప్పి.

కామమ్మ పంచలో కూర్చుని నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బతుకంతా నాటకాలాడి, నిజంగా విరిగినప్పుడు నమ్మమంటే ఎవురు నమ్ముతారయ్యా?"

"నువ్వు నమ్మినావు గదా."

"నేను నమ్మింది నిన్ను కాదు, ఫోటోని."

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ అట్లాగే జోలె కేసి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకొని, ఉత్త చేతులతో వచ్చామన్న సిగ్గు కూడా లేకుండా పోతుంటే ముత్యాలయ్యకు అన్నం సయించలేదు. ఎముక విరిగిన నొప్పికి మాత్ర ఉంది, దీనికి లేదు. చివరికి తన పాత జతగాడు మాలకొండయ్యకు కబురు పెట్టాడు. మాలకొండయ్య మామూలు రోజుల్లో పడవలకు రంగులు వేస్తాడు, చవితి ముందు వినాయకుడి బొమ్మలు పోస్తాడు. కాబట్టి ఇంట్లో తెల్ల పిండి మూటలకు కొదవలేదు.

"ఇంతేనా? నేను కట్టనా?" అన్నాడు మాలకొండయ్య, సంగతంతా విని.

కామమ్మ చేపల తట్టతో విడవలూరు పోయిన పూట చూసి పని కానిచ్చారు. చేతికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, గుడ్డపీలికలు పిండిలో ముంచి, భుజం నుంచి వేళ్ల మొదళ్లదాకా పొరలు పొరలుగా వేశారు. ఆరాక పక్కన నిలువునా కోసి, ఆలిచిప్పలాగా విప్పుకునేట్టు, మళ్లీ మూసి గుడ్డతో కట్టుకునేట్టు చేశారు. నాణ్యమైన పనే గానీ, మాలకొండయ్య చెయ్యి తొండాలకు అలవాటుపడ్డది. కట్టు భుజం దగ్గర లావుగా మొదలై, కిందికి పోనుపోను సన్నబడి, చివర చక్కగా వంపు తిరిగింది.

కామమ్మ తట్ట దించుతూనే చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"పక్కన ఎలక గూడా పెట్టుంటే బాగుండు."

"చుట్టాలొచ్చినప్పుడే పెట్టుకుంటా మే. వాళ్లు పోంగానే తీసేస్తా."

"డాక్టరమ్మ ఆడించమనింది."

"ఆడిస్తాలే."

మర్నాడే ఫలితం కనబడింది. కట్టు వార్త విని ఆదిశేషమ్మ మళ్లీ వచ్చింది. దగ్గర కూర్చుని టకటకా తట్టింది. ఆమె మొహం మారిపోయింది.

"నిన్ను అనుమానించినాను బావా. నా నోరు పడిపోను."

"పర్లేదులే మే. మనసులో పెట్టుకోను."

ఆ పూట అరటిపళ్లతోపాటు హార్లిక్సు సీసా కూడా వచ్చింది. విరిగిన ఎముకకు దక్కని మర్యాద పిండికి దక్కింది. ఇక జనం తెరపి లేకుండా వచ్చారు. పాలెం అయిపోయాక విడవలూరు వాళ్లు, ఆ తర్వాత కోట అనే ఊరి నుంచి కామమ్మ మేనత్త తరఫు వాళ్లు. ముత్యాలయ్య పడిన తీరును రకరకాలుగా చెప్పాడు. మొదట్లో ఐసు నీళ్లలో జారిపడ్డాడు, పోనుపోను సొరచేపతో పెనుగులాడి పడ్డాడు. ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి కట్టు విప్పడం కుదరలేదు. విప్పనక్కర్లేదనీ అనిపించింది. కట్టు బిర్రుగా ఉంటే నొప్పి తెలియడం లేదు, కదిలిస్తే కదా తెలిసేది.

డాక్టరమ్మ రమ్మన్న రోజు కోట వాళ్లు వ్యానులో వస్తామన్నారు. "ఎల్లుండి పోదాం," అన్నాడు. ఎల్లుండికి ఇంకెవరో వచ్చారు. కామమ్మ గొణిగింది, సణిగింది, "ఆ పెంకు తీసి మోచెయ్యన్నా ఆడించయ్యా" అని మొత్తుకుంది. ఆయన ఎప్పటిలాగే "ఆడిస్తాలే" అన్నాడు. ఆమెకు రోజూ చేపల అమ్మకం, కొడుక్కి రోజూ వేట. అట్లా నెల దాటిపోయింది.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దురదకు తాళలేక కట్టు విప్పాడు. చెయ్యి సన్నబడి, తెల్లబడి, వేరే ఎవరిదో అరువు తెచ్చినట్టుంది. నొప్పి మాత్రం పెద్దగా లేదు. సంతోషపడి, దండెం మీది తువ్వాలు అందుకుందామని చెయ్యి ఎత్తాడు. చెయ్యి పక్కటెముకలను వదల్లేదు. ఇంకోసారి ఎత్తాడు. భుజం మొత్తం చెవిదాకా లేచింది గానీ చెయ్యి ఉన్నచోటనే ఉంది. ఎడమచేత్తో పట్టుకొని లేపబోతే లోపల తుప్పుపట్టిన తలుపు బందులాగా బిగుసుకొని, కళ్లముందు మెరుపులు చూపించింది. తువ్వాలు దండెం మీద గాలికి ఊగుతూనే ఉంది. తన మీద ఎవరో ఆట ఆడినట్టు, జన్మలో మొదటిసారి అనిపించింది ఆయనకు. ఏటి గట్టు గుర్తొచ్చింది.

కామమ్మ వచ్చేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడు. "డాక్టరమ్మ దగ్గరికి పోదాం మే," అన్నాడు. ఆమె తట్ట కూడా కడగకుండా బయలుదేరింది.

కామమ్మ సంచిలోంచి తీసి ఇచ్చిన పిండికట్టును డాక్టరమ్మ భానుప్రియ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏ ఆసుపత్రిలో వేశారు?"

"ఆసుపత్రి కాదమ్మా. మాలకొండయ్య వేసినాడు."

"ఆయన ఏం చేస్తారు?"

ముత్యాలయ్య కామమ్మ వైపు చూశాడు. కామమ్మ గోడమీది క్యాలెండరు వైపు చూసింది.

"వినాయకుడి బొమ్మలు," అన్నాడు చిన్నగా.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుందో, కోపం ఆపుకుందో తెలియలేదు. కొత్త ఫోటో తీయించింది. చెయ్యి మెల్లగా పట్టుకొని ఇటు తిప్పింది, అటు తిప్పబోయింది. ఆయన మొహం చూసి వదిలేసింది.

"ఎముక బాగా అతుక్కుంది. దాంతోపాటు భుజం కూడా అతుక్కుంది."

"మళ్లీ వల ఎయ్యగలనా అమ్మా?"

"కష్టపడితే చాలావరకు వస్తుంది. మొత్తం వస్తుందని మాట ఇవ్వలేను. ఇంకో రెండు నెలలు ఇట్లాగే కూర్చుంటే మాత్రం ఈ చేత్తో అన్నం కలుపుకోవచ్చు, అంతే."

"నొప్పి ఉంటదా?"

"ఉంటుంది. ఎవరికైనా చూపించడానికి మాత్రం ఏమీ ఉండదు."

ఆ మాట ఆయనకు బాగా తగిలింది. ఆమె దగ్గరుండి నేర్పించింది. ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, కుడిచేతిని బావిలోకి వదిలిన చేదలాగా వేలాడదీసి ఊపాలి. తర్వాత అదే చేత్తో గాలిలో సున్నాలు చుట్టాలి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను పీత నడిచినట్టు పైపైకి పాకించాలి. రోజుకు మూడు పూటలా చెయ్యాలి.

ఇంటికొచ్చేసరికి కథ పాలెమంతా పాకిపోయి ఉంది. మాలకొండయ్య ఏ రహస్యాన్నైనా దాస్తాడు గానీ తన పనితనాన్ని దాచలేడు. కట్టు దొంగదని తేలింది. కట్టు దొంగదైతే విరగడం కూడా దొంగదేనని జనమే తేల్చేసుకున్నారు. సాయంత్రం పంచలో బల్ల పట్టుకొని వంగి చెయ్యి ఊపుతుంటే ఇంటి ముందు పది మంది చేరారు. అందరికన్నా ముందు ఆదిశేషమ్మ ముక్కాలిపీట వేసుకొని కూర్చుంది.

"ఏంది బావా, కింద పడిన దుడ్లు ఏమన్నా ఎతకతా ఉండావా?"

ఆయన ఊపుతూనే ఉన్నాడు.

"నా హార్లిక్సు తాగింది తాగినావు, సీసా అయినా ఇయ్యి. పప్పు పోసుకుంటా."

"లోపలుండాది, తీసుకో మే," అంది కామమ్మ. తర్వాత మొగుడి వక్కాకు సంచి తెచ్చి, గోడకు కొట్టిన మేకుకు తగిలించింది. ఆయన నోట్లో వక్కాకు లేకపోతే పూట గడవదు. మేకు ఆయన గడ్డమంత ఎత్తున ఉంది. "ఎడంచెయ్యి పెడితే సంచి ఏట్లో పడేస్తా. కుడిచేత్తోనే తీసుకో."

ముత్యాలయ్య గోడ ముందు నిలబడి వేళ్లు ఆనించాడు. పీత బయలుదేరింది. నడుం దాటింది, పొట్ట దాటింది, రొమ్ము దగ్గర ఆగిపోయింది.

"బల్లిని పడతా ఉండాడబ్బా," అన్నాడు వెనక ఎవడో. నవ్వులు.

అప్పుడాయనకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి, కళ్లు చిన్నవి చేసి, "ఎట్టుంది?" అంటే చాలు. పడటం, కమలడం, జోలె, కట్టు, ఈ గోడ, అన్నీ ఒకే పెద్ద ఆటైపోతాయి. పాలెం పాలెమంతా నెలా పదిహేను రోజులు మోసపోయినట్టవుతుంది. తను చచ్చిపోయినా చెప్పుకుంటారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట అన్నాక రేపు సాయంత్రం మళ్లీ ఈ గోడ దగ్గర ఎట్లా నిలబడటం? ఆట అయిపోయినవాడికి గోడతో పనేముంది?

మాట మింగేశాడు. వేళ్లను ఇంకో అంగుళం పాకించాడు. లోపల ఏదో చిరిగినట్టయింది. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, ఆయన ఎప్పుడూ నటించని రకం. చెమట ముక్కు చివరినుంచి కారింది, చెమటతోపాటు ఇంకేదో కూడా కారింది. నుదురు గోడకు ఆనించుకొని ఊపిరి పీల్చాడు. మళ్లీ పాకించాడు.

ఆదిశేషమ్మ ఆ మాట కోసం చూస్తూ ఉంది. ఎప్పుడంటాడా అని ముందే నవ్వు సిద్ధం చేసుకొని కూర్చుంది. ఎంతసేపటికీ అది రాలేదు. బావ వీపు వణకడం చూసింది. మెల్లగా పీట మీంచి లేచి, వెనక నవ్వుతున్న కుర్రాళ్ల వైపు తిరిగి, "మీకు ఇండ్లు లేవా, పోండ్రా," అంది. తర్వాత గోడ దగ్గరికొచ్చింది.

"మేకు అంత పైన ఎవురు కొట్టినారు బావా?"

"మీ అక్క."

"దానికెప్పుడూ కనికరం లేదు. ఇంకొంచెం బావా. రెండు వేళ్లంత ఎత్తు. అంతే, అంతే."

ఆ రోజు సంచి అందలేదు. కామమ్మ ఒక వక్కాకు చుట్టి ఆయన నోట్లో తనే పెట్టింది. వేళ్లు కొరికాడని మొట్టికాయ కూడా వేసింది. కొన్నాళ్లకు సంచి అందింది. అందిన మర్నాడే మేకు ఇంకాస్త పైకి పోయింది. అట్లా గోడ నిండా బొక్కలు పడ్డాయి. సుధాకర్ పంచ దూలానికి గిలక కట్టి తాడు వేశాడు. ఎడమచేత్తో తాడు లాగితే కుడిచెయ్యి పైకి లేస్తుంది. ముత్యాలయ్య తిట్టనివాళ్లు లేరు ఆ రోజుల్లో. డాక్టరమ్మను తిట్టాడు, మేకులను తిట్టాడు, వినాయకుణ్ని కూడా ఒక మాట అని లెంపలేసుకున్నాడు. ఆ లెంపలు వేసుకోవడానికి కుడిచెయ్యి చెంపదాకా వచ్చిందని కామమ్మే ముందు గమనించింది.

చెవి దాటి మాత్రం చెయ్యి పోలేదు. డాక్టరమ్మ చూసి, ఇంకా మెల్లగా రావచ్చు, రాకపోనూ వచ్చు, ఇంతైనా వచ్చిందంటే మొండివాళ్లు కాబట్టే అంది.

వానలు తగ్గి ఏరు నిండుగా పారుతున్న ఒక పొద్దున ఆయన వల భుజాన వేసుకొని గట్టుకు పోయాడు. ఎవరికీ చెప్పలేదు. అయినా వెనక కామమ్మ తట్టతో వస్తోంది, ఆమె వెనక ఆదిశేషమ్మ, వాళ్ల వెనక మాలకొండయ్య. వల అంచు పళ్ల మధ్య పెట్టుకున్నాడు. సగం ఎడమ మోచేతి మీద సర్దుకున్నాడు. నడుం తిప్పి కుడిచెయ్యి ఎత్తాడు. చెయ్యి చెవి దగ్గర ఆగింది. ఆగిన చోటునుంచే వదిలేశాడు.

వల సగం విచ్చుకొని, ఒక పక్క ముడుచుకొని, అడ్డదిడ్డంగా పడింది.

"అప్పడం మాదిరి పడేది," అన్నాడు మాలకొండయ్య. "ఇప్పుడు దోసె మాదిరి పడింది. అదీ మొదటి దోసె."

"దోసె తింటే కడుపు నిండదా?" అన్నాడు ముత్యాలయ్య. అని తాడు లాగాడు. వలలో గడ్డీ గాదంతోపాటు గుప్పెడు రొయ్యలు ఎగిరాయి, వేలెడంత పరిగె చేపలు రెండు మూడు. ఒక్కొక్కటే ఏరి కామమ్మ తట్టలో వేశాడు. ఆమె ఏమంటుందా అని తల ఎత్తి చూశాడు.

కామమ్మ తట్టలోకి తొంగిచూసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయేమో గానీ గొంతులో మాత్రం ఆ జాడ లేదు.

"ఇవి పులుసుకు చాలవు," అంది. "ఇంకోసారి ఎయ్యి."

ముత్యాలయ్య వల దులిపి, అంచు మళ్లీ పళ్ల మధ్య పెట్టుకున్నాడు.